ఆలస్యానికి కారణం

పాలకొండ కాంప్లెక్సులో బస్సెక్కేటప్పటికి
నా సంచిలో పది కిలోల ఇనుము.
ఐదు కిలోలది ఒకటి, రెండుది ఒకటి, కిలోవి రెండు,
ఆపైన ఓ అర, రెండు పావులు.
తూనికల శాఖలో అటెండర్ని.
ముద్ర కొట్టే ఇన్‌స్పెక్టర్ గారు జీపులో వెళ్తారు,
నేనూ రాళ్లూ బస్సులో వెళ్తాం.

పునర్వసు కార్తె. మూడు రోజుల ముసురు.
వైపరు చచ్చిపోతే
డ్రైవరు లోలుగు చిట్టిబాబు దానికి పురికొస కట్టి
కిటికీలోంచి లాగుతున్నాడు,
ఉయ్యాల ఊపుతున్నట్టు.
నా పక్కన సవర ముసలమ్మ.
ఒళ్లో గిడుగు, కాళ్ల దగ్గర అనాసపళ్ల బుట్ట.
పళ్లు నిన్ననే అమ్మేసింది.
వాసన మాత్రం అమ్ముడుపోలేదు.

సీతంపేట కొండలు ఉండాల్సిన చోట
తెల్లగా ఏమీ లేదు.
ఉన్నాయని నమ్మి టిక్కెట్టు తీసుకున్నాం అందరం.

గెడ్డ మలుపులో బ్రేకు.
రాళ్ల సంచి జరిగొచ్చి నా మడమ మీద కూచుంది.
"ఏటైంది?"
"సెట్టు పడిపోనాదా?"
"గెడ్డ పొంగిందేటి?"
చిట్టిబాబు ఇంజను ఆపేశాడు.
"దిగి సూడండి" అన్నాడు,
పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు.

రోడ్డు కదుల్తోంది.

ముందు అలాగే అనిపించింది, తారుకి ప్రాణం వచ్చిందని.
కళ్లు కుదురుకున్నాక
చేపలు. గొరకలు.
అరచేతి పొడుగువి,
ఎడమ పక్క నిండిపోయిన కుంటలోంచి
కుడి పక్క వరిమళ్లలోకి
మొప్పలు విప్పి, గుచ్చి,
తోకతో తోసుకుని,
మళ్లీ గుచ్చి
నడుస్తున్నాయి.
ఆ నీళ్లకీ ఈ నీళ్లకీ మధ్య
ఇరవై అడుగుల ఆర్ అండ్ బీ.

వాన కాసేపు ఊపిరి బిగబట్టింది.
అప్పుడు వినిపించింది
వందల మొప్పలు తారుని గీకే చప్పుడు,
చీకట్లో ఎవరో నులకమంచం మీద ఒత్తిగిల్లినట్టు.
నలభై ఏడేళ్లుగా చేపలు తింటున్నాను.
చేప చప్పుడు వినడం అదే మొదలు.

ఐటీఐ గుంటడొకడు చొక్కా విప్పి మూటకట్టబోయాడు,
ముల్లు దిగి "ఓర్నాయనో" అని ఎగిరాడు.
అందరం నవ్వాం.
కండక్టరు వరహాలమ్మ అలవాటు కొద్దీ
లెక్కపెట్టడం మొదలెట్టి
ముప్పై ఆరు దాకా వచ్చి ఒగ్గేసింది.

ముసలమ్మ దిగింది.
గిడుగు నెత్తిన పెట్టుకుని
ముందు చక్రం పక్కన గొంతుక్కూచుని
టైరు కిందికి దూరుతున్నవాటిని
బుట్ట అంచుతో మళ్లించింది, కోడిపిల్లల్ని తోలినట్టు.
మధ్యమధ్య ఓ దాన్ని ఒడుపుగా పట్టి
బుట్టలో వేసుకుంది కూడా.
నేను చూస్తున్నానని తెలిసి
"కూరకి నాలుగు. మిగతాయి దారికి" అంది.
తరవాత, నా సంచి సంగతి ఎలా తెలిసిందో,
"రాళ్ల బాబూ, దీన్ని తూయి" అని
ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

వంద గ్రాములుండదు.
అయినా చెయ్యి కిందికి దిగింది.
అది నన్ను గట్టనుకుంది.
మణికట్టు మీదుగా
ఎక్కడం మొదలెట్టింది.

ఆవలి మడిలో వదిలి వచ్చేసరికి
ఎదురుగా వచ్చిన పాలవ్యాను కూడా ఆగి ఉంది,
హారను కొట్టకుండా.
ఆఖరుది బాగా చిన్నది.
రోడ్డు మధ్య తెల్లగీత మీద
కాసేపు ఆలోచించి
వెళ్లింది.
అప్పటికి ఒక కొండ కనిపించింది,
నడుం దగ్గర్నుంచి కిందికి మాత్రం.

సీతంపేటలో డిపో కాగితం మీద
ఆలస్యానికి కారణం అన్న గడి ముందు
వరహాలమ్మ పెన్ను పంటికింద పెట్టుకుని చాలాసేపు నిలబడింది.
'గెడ్డ' అని రాసి కొట్టేసింది.
'ట్రాఫిక్' అని రాసింది.

సంతలో ఇన్‌స్పెక్టర్ గారు గడియారం చూసుకున్నారు.
నేనేం చెప్పలేదు.
కిలో రాయి తీసి తక్కెట్లో పెట్టాను.
నా చేతి తడికి దాని మీద
ఓ పొలుసు అంటుకుని ఉంది.
తుడవబుద్ధి కాలేదు.

ఆ రోజు మిరపకాయల షావుకారి కిలో
ఓ పొలుసంత
తేలింది.